పాపకు నిజం చెప్పిన వాళ్లకు కృతజ్ఞతలు

మా పాపకు గొంతులోని టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ అనే కండ తీసేసే ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చేశాం, కులాసాగా ఉంది. ఫోను చేసి అడిగిన అందరికీ ముందుగా ఈ మాట.

మొదటి దండం పక్కింటి పిన్నిగారికి. ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. అన్నం తినకపోతే డాక్టరుతో సూది వేయిస్తామని పిల్లల్ని బెదిరించే ఇళ్లు మనవి. అలాంటి ఇంట్లో ఆరేళ్ల పిల్లకు ఆపరేషన్ సంగతి ఎలా చెప్పాలి? ఊరికే చూపించుకుని వద్దామని తీసుకెళ్లండి అన్నవాళ్లే ఎక్కువ. పిన్నిగారు మాత్రం, "ఒక్కసారి అబద్ధం చెబితే ఆ తర్వాత మనం ఏం చెప్పినా నమ్మదమ్మా" అన్నారు. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, మందులు ఎక్కించడానికి నరానికి పెట్టే క్యాన్యులాను సూది తీసేసి బొమ్మ చేతికి ప్లాస్టర్‌తో అతికించి చూపించారు. గుచ్చేటప్పుడు చురుక్కుమంటుంది, వెంటనే సూది బయటికి తీసేస్తారు, లోపల ఉండేది ఈ మెత్తటి గొట్టమేనని చెప్పారు. దాని అసలు భయం అదేనట, రాత్రంతా చేతిలో సూది ఉండిపోతుందని! పెద్దవాళ్లకు తట్టే సంగతేనా అది?

ఆపరేషన్‌కు ఆరు గంటల ముందు నుంచి తిండి, పాలు వద్దని, మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు తాగవచ్చని మత్తు డాక్టరుగారు కాగితం మీద రాసిచ్చారు. మత్తులో కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఈ పస్తు. కారణం తెలిశాక మా అత్తగారు కూడా "ఒక్క బిస్కెట్టే కదా" అనడం మానేశారు.

ఆ తర్వాత ఆయన పాపనే అడిగారు, కదిలే పన్ను ఏదైనా ఉందా అని. కింది పన్ను ఒకటి ఊగుతోంది. మత్తులో ఊడి గొంతులోకి జారిపోవచ్చు, నిద్రపోయాక తీసేయనా అని అనుమతి కోరారు. అది కాసేపు ఆలోచించి, పన్ను తనకే ఇచ్చేయాలని షరతు పెట్టింది. ఇంటి మీదికి విసరాలి కదా! మెలకువ వచ్చేసరికి పన్ను దూదిలో చుట్టి, పేరు రాసిన చిన్న డబ్బాలో దిండు పక్కనే ఉంది. అంతమంది రోగుల మధ్య ఆ మాట గుర్తుపెట్టుకున్నందుకు ఆయనకు ఎన్ని నమస్కారాలు పెట్టినా తక్కువే.

వార్డు సిస్టర్ గంట ముందే చేతికి తిమ్మిరెక్కించే క్రీము రాశారు. డిశ్చార్జి అప్పుడు మాకు జాగ్రత్తలు చెప్పిందీ ఆవిడే: గొంతులో తెల్లటి పొర కడుతుంది, అది చీము కాదు, చెవి నొప్పి అంటుంది, చెవిలో ఏమీ ఉండదు, ఎర్రటి రక్తం కనిపిస్తే మాత్రం అర్ధరాత్రయినా సరే తీసుకొచ్చేయండి. మొదటి రెండూ అచ్చం చెప్పినట్టే వచ్చాయి. మూడోది రాలేదు.

సెలవు ఇచ్చి, పాఠాలు ఇంటికి పంపుతున్న టీచరుగారికీ కృతజ్ఞతలు. చూడటానికి వచ్చే బంధువులకు ఒక మనవి: జంతికలు, చేగోడీలు ఇప్పుడే తేవద్దు. కనబడితే అది ఊరుకోదు.