మావయ్య కాలు

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైందని తిట్టుకునే ఉంటావు, తిట్టుకో, కానీ ఇది చదువు. ఇక్కడ అందరం క్షేమం, చెన్నై వేళచ్చేరిలో మామూలుగానే వాన, మామూలుగానే నీళ్ళు, ఉద్యోగం ఊడలేదు. సంగతి మా మావయ్య కాలు.

చీలమండ విరిగి కట్టిన పిండికట్టు విప్పగానే ఒంగోలు నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాడు. మర్నాటికి ఎడమ పిక్క వాచింది, ఆ ఒక్క కాలే. మా పెద్దమ్మ తెలుసుగా, ఏళ్ళ తరబడి బోర్డు ముందు నిలబడి పాఠాలు చెప్పిన మనిషి, పిక్కల నిండా మెలికలు తిరిగిన నరాలు. "నాకూ సాయంత్రానికి ఇంతేరా, కాళ్ళు ఎత్తులో పెట్టుకుంటే దిగిపోతుంది" అంటూ నువ్వుల నూనె వెచ్చబెట్టేసింది. (నువ్వుల నూనె అనగానే నీకు వార్డెన్ బట్టతల గుర్తొచ్చింది కదూ? నోర్మూసుకో.)

కింద ఫ్లాట్ నర్సు అక్క చూసి "రుద్దకండి!" అని అరిచింది కాబట్టి సరిపోయింది. డాప్లర్ స్కాన్‌లో (రక్తనాళాల్ని చూసే అల్ట్రాసౌండ్‌లే) డాక్టరు మోకాలి వెనక ప్రోబుతో నొక్కుతూ నాకు తెర చూపించాడు. మంచి సిరైతే, అంటే రక్తాన్ని గుండెకి వెనక్కి తీసుకెళ్ళే నాళం, నొక్కగానే గోడలు రెండూ అంటుకుపోతాయి. మావయ్యది ఎంత నొక్కినా అణగలేదురా! లోతు సిరలో రక్తం గడ్డ, దాన్నే డీవీటీ అంటారట. అది ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. నాకు చెమటలు పట్టాయి.

పెద్దమ్మది అసలు వేరే జబ్బు. కాళ్ళ సిరల్లో రక్తం కిందికి జారకుండా ఆపే వాల్వులు పాడై, నెమ్మదిగా ఏళ్ళ మీద ముదిరేది, పట్టించుకోకపోతే చీలమండ దగ్గర చర్మం నల్లబడి పుండు పడుతుంది. నాకు మొన్న డెంగ్యూకి సెలైన్ ఎక్కించిన చోట చెయ్యి ఎర్రబడి, సిర తాడులా గట్టిపడి, ముట్టుకుంటే మండిందే, అది మూడో రకం, సిర గోడకొచ్చిన వాపు. అందులోనూ చిన్న గడ్డ ఉండొచ్చట, చేతి మీద పైపైన కాబట్టి భయం తక్కువ, అదే కాలికొచ్చి తొడ పైదాకా పాకితే మళ్ళీ... సరే వదిలెయ్. చూడ్డానికి ఘోరంగా ఉన్నవి పెద్దమ్మ కాళ్ళు, చంపేది మాత్రం నున్నగా కనిపించిన మావయ్య కాలు, ఇదెక్కడి న్యాయం?

కనీసం 3 నెలలు రక్తం పలచబడే మందులు వాడాలట. ఎక్కడైనా రక్తం కారితే వెంటనే చెప్పమన్నారు, అందుకని ఆయన గడ్డం గీసుకుంటున్నా టెన్షనే.

అన్నట్టు మీ అమ్మగారికి మోకాలి ఆపరేషన్ అన్నావుగా, తర్వాత మంచానికి అతుక్కుపోనివ్వకు, డాక్టరు ఒప్పుకోగానే నడిపించు. ఒక్క కాలే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఇంటి వైద్యం పెట్టుకోకుండా... ఆటో వచ్చేసింది, మావయ్యని చెకప్‌కి తీసుకెళ్ళాలి, ఉంటానురా.