ఆవును అమ్మింది నేను కాదు

బైరాగిపట్టెడ, తిరుపతి
ఈస్టర్ వెళ్ళిన మంగళవారం

ప్రియమైన బావకు,

ప్రభువు నామంలో వందనాలు. (మనకు ఏ చుట్టరికమూ లేదంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు. ముప్పయ్యేళ్ళ కిందట హాస్టల్ గదిలో మొదలైన పిలుపు, ఇక ఇప్పుడు మారుతుందా!)

నీ ఉత్తరం మట్టల ఆదివారానికి ముందే అందింది. ఇన్నాళ్ళు జవాబు రాయనందుకు ఎంత తిట్టినా పడతాను. యవ్వనస్థుల కూటంలో లూకా 9:23 మీద, అంటే ప్రతిదినమూ తన సిలువ ఎత్తుకుని నన్ను వెంబడించమని యేసు చెప్పిన వచనం మీద, వాక్యం చెప్పమన్నారనీ, నా దగ్గర ఏమైనా ఉంటే రాసి పంపమనీ అడిగావు. ప్రసంగమైతే నా దగ్గర లేదు. ఈస్టర్‌కు ముందుండే ఈ శ్రమదినాల్లో నాకు జరిగిన పరాభవం ఒకటి ఉంది. అది రాస్తాను. పనికొచ్చేది ఏరుకుని మిగతాది చింపెయ్.

ఈసారి నేను కాఫీ మానేశాను. నవ్వకు. పరీక్షల రోజుల్లో అర్ధరాత్రి రైల్వే స్టేషను దాకా నడిచి వెళ్ళి కాఫీ తాగొచ్చినవాళ్ళం మనం, దాని బరువు నీకైనా తెలియాలి. ఉంటున్నది బైరాగిపట్టెడ కదా, పేటకున్న పేరైనా నిలబెడదామనుకున్నాను. శ్రమదినాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు నా గ్లాసు కడిగి అలమరలో బోర్లించి, ఇంటిల్లిపాదికీ ప్రకటించాను కూడా. నలభై రోజులంటారు గానీ ఆదివారాలు లెక్కలోకి రావు కనుక క్యాలెండరు మీద అవి నలభై ఆరు. "అయితే ఆదివారాలు తాగొచ్చు కదా నాన్నా" అన్నాడు మా అబ్బాయి. నిష్ఠ అంటే నిష్ఠే అన్నాను.

మూడో రోజుకు తలనొప్పి పట్టుకుంది. అయిదో రోజు పాలు తెచ్చే కుర్రవాడి మీద అరిచాను, ప్యాకెట్టు చల్లగా లేదని. మా ఆవిడ నా ఎదుట కాఫీ తాగడం మానేసింది. వంటింట్లో గోడ వైపు తిరిగి, నిలబడే రెండు గుక్కల్లో తాగేసి వచ్చేది. నేను వద్దనలేదు. నోటితో వద్దనకుండానే వద్దనే మొహం ఒకటి ఉంటుంది చూడు, అది పెట్టుకుని తిరిగాను. పన్నెండో రోజు ఆవిడ గ్లాసు నిండా కాఫీ కలిపి తెచ్చి నా ముందు పెట్టింది. "సిలువ ఎత్తుకున్నది మీరు, మోస్తున్నది మేము. దయచేసి తాగండి" అంది. కోపంగా అనలేదు బావా. కోపంగా అని ఉంటే నేనూ నాలుగు మాటలనేవాణ్ణి.

తాగాను. బాగుంది కూడా.

మా ఎదురింటాయన గురించి చెప్పానా? నెలకొకసారి అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కుతారు. 3,500 పైచిలుకు మెట్లు, చెప్పులు లేకుండా. అరవై దాటాయి, మోకాళ్ళ నొప్పులున్నాయి. దిగివచ్చాక గడప మీద కూర్చుని పాదాలకు కొబ్బరినూనె రాసుకుంటుంటే చూసి మనమే తెలుసుకోవాలి తప్ప, ఎక్కి వచ్చానని ఆయన ఎవరికీ చెప్పుకోగా నేను వినలేదు. శ్రమదినాలు మొదలైన వారంలో "మీరు ఈ రోజుల్లో ఏం మానేస్తారండీ?" అని మర్యాదగా అడిగారు. "కాఫీ" అన్నాను. ఒక్క క్షణం ఆగి, "అదీ కష్టమేనండీ" అన్నారు. ఆ ఒక్క క్షణం నన్ను ఇంకా వదల్లేదు.

ఇక నీ వచనం సంగతి. సిలువ ఎత్తుకోమన్న మాటను మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ రాశారు గానీ "ప్రతిదినము" అన్నది లూకాలోనే ఉంది. ఇది నీకు తెలిసే ఉంటుంది. మా పాస్టరు అయ్యగారు ఇంకొకటి చెప్పారు, అది మాత్రం కూటంలో వదలకు. మన బైబిల్లో "తన్నుతాను ఉపేక్షించుకొని" అని ఉంది. ఉపేక్ష అంటే మన వాడుకలో పట్టించుకోకపోవడం. అందుకే ఆ మాట వినగానే మనకు మాసిన చొక్కా, పస్తులు, పీక్కుపోయిన మొహం గుర్తొస్తాయి. మత్తయి 16:24లో ఉన్న ఆ గ్రీకు క్రియే ఇరవై ఆరో అధ్యాయంలో పేతురు దగ్గర మళ్ళీ వస్తుందట, కోడి కూయకముందే నన్ను ఎరుగనని ముమ్మారు చెబుతావు అని యేసు అతనితో అన్నచోట. యేసును పట్టుకున్న ఆ రాత్రి ప్రధాన యాజకుని ముంగిట్లో పేతురు యేసును గురించి "ఆ మనుష్యుని నేనెరుగను" అన్నాడు చూడు, శిష్యుడైనవాడు తనను గురించి తాను అనవలసిన మాట అదీ. పేతురుకు ఆ మాట చేతనయింది, తప్పు మనిషి మీద వాడాడు.

నేను కాఫీని ఎరుగనన్నాను. నన్ను మాత్రం బాగా ఎరిగే ఉన్నాను. ఆ పన్నెండు రోజులూ మా ఇంట్లో ఎటు చూసినా నేనే: నా తలనొప్పి, నా నిష్ఠ, నా లెక్క.

మీ పిల్లలకు సిలువ అంటే గొలుసుకు వేలాడేది, లేదా క్రిస్మస్‌కు చర్చి మీద దీపాలు చుట్టేది. ఆ మాట మొదట విన్నవాళ్ళకు అలా కాదు. హేరోదు చనిపోయాక, క్రీ.పూ. 4లో, లేచిన తిరుగుబాటును అణచిన రోమా అధికారి వారుస్ సుమారు 2,000 మందిని సిలువ వేయించాడని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. యేసు మాట వింటున్నవాళ్ళ తండ్రుల తరం అది. దూలం భుజాన వేసుకుని ఊరి బయటికి నడిచేవాడు తిరిగి రాడని వాళ్ళకు ఎవరూ వివరించనక్కరలేదు. వాడికి రేపటి పని ఉండదు, కాపాడుకోవలసిన పరువూ ఉండదు. అటువంటిదాన్ని రోజూ ఎత్తుకోమన్నాడు ఆయన. చచ్చేవాడు ఒక్కసారే కదా చస్తాడు, రోజూ ఎలా చస్తాడు? ఇక్కడే నేను చాలా ఏళ్ళు ఆగిపోయాను.

వేలూరు వెళ్ళినప్పుడల్లా దీనికి జవాబు అక్కడే ఎక్కడో ఉందనిపిస్తుంది. అత్తగారి మతిమరుపు చూపించడానికి ఈ మధ్య రెండుసార్లు వెళ్ళాం. అక్కడి క్రైస్తవ ఆసుపత్రిని (సి.ఎం.సి.) స్థాపించిన ఐడా స్కడ్డర్ కథ సండే స్కూల్లో మనం విన్నదే. తిండివనంలో ఒకే రాత్రి మూడుసార్లు తలుపు తట్టారు. ఒక బ్రాహ్మణుడు, ఒక ముస్లిం, మళ్ళీ ఒక హిందువు. ముగ్గురి భార్యలకూ కాన్పు కష్టమైంది. ఆమె తండ్రి డాక్టరే, అయినా మగ డాక్టరును ఆడవాళ్ళ దగ్గరికి రానివ్వలేమన్నారు ముగ్గురూ. తెల్లవారేసరికి ఆ ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. అమెరికా తిరిగి వెళ్ళి హాయిగా ఉందామనుకున్న అమ్మాయి, అక్కడ వైద్యం చదివి 1900లో మళ్ళీ ఇక్కడికే వచ్చింది. ప్రసంగాల్లో ఇక్కడితో ఆపేస్తారు, నాకది నచ్చదు. ఆ తర్వాత ఆమె 1960 దాకా బతికింది. నర్సుల బడి, 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల, పల్లె దారుల పక్కన ఆగి మందులివ్వడం. ఆ ఒక్క రాత్రి అన్న మాటను ఎన్ని వేల పొద్దులు మళ్ళీ అనుకుని లేచిందో ఎవరు లెక్కపెట్టారు? తలుపు చప్పుడు కథ చెప్పుకోవడానికి బాగుంటుంది. అలాంటి చప్పుడు మూడుసార్లు వినిపిస్తే నేనూ లేస్తాను అనిపిస్తుంది. నాకు వినిపించే చప్పుడు వేరు. దాని దగ్గరికే వస్తున్నాను.

ఈలోగా ఒక మాట. నువ్వు వాక్యం చెప్పేటప్పుడు ఎదురుగా ఆడపిల్లలు కూడా కూర్చుని ఉంటారు. ఈ వచనాన్ని మనవాళ్ళు ఎవరి మీద ప్రయోగిస్తారో నీకు తెలుసు. తాగి కొట్టే మొగుణ్ణి భరించడమే నీ సిలువ తల్లీ అని పెద్దమనుషులు చెప్పడం నా చెవులారా విన్నాను. వచనంలో "తన సిలువను" అని ఉంది. ఎవరికి వారు ఎత్తుకునేది అది, ఇంకొకరి భుజాన పెట్టే హక్కు ఎవరికీ ఇవ్వలేదు. దారిన పోతున్న కురేనీయుడైన సీమోనును పట్టుకుని యేసు సిలువను బలవంతంగా మోయించినవాళ్ళు రోమా సైనికులు. మన సంఘ పెద్దలు వాళ్ళ వరుసలో నిలబడనక్కరలేదు. ఈ ముక్క కాస్త గట్టిగానే చెప్పు. షుగరు జబ్బునూ కోడలినీ "నా సిలువ" అనేవాళ్ళను మాత్రం నవ్వించి వదిలెయ్.

చర్చి సంఘం ఎన్నికల్లో నేను ఓడిపోయిన సంగతి ఫోనులో చెప్పాను కదా. చెప్పనిది ఒకటుంది. గెలిచిన కుర్రవాడు మా అబ్బాయి ఈడువాడు. నెలనెలా ప్రభురాత్రి భోజనంలో ద్రాక్షరసం పంచే గ్లాసులు కడిగే పని చూడగలరా అంకుల్ అన్నాడు. వేలెడంత గాజు గ్లాసులు, రెండు వందల పైమాటే. ద్రాక్షరసం అడుగున ఎండిపోయి ఎర్రని చారగా అంటుకుంటుంది, సన్నటి బ్రష్షు లోపల తిప్పితే గానీ వదలదు. మొదటి నెల అందరూ చెట్టు కింద కబుర్లు చెప్పుకుంటుంటే నేను వెనక కుళాయి దగ్గర కూర్చుని, కడుగుతూ, నన్ను ఎందరు చూశారో లెక్కపెట్టుకున్నాను. ముగ్గురు. నాలుగో నెలలో ఆ లెక్క మరిచిపోయినందుకు సంతోషించాను. సంతోషించగానే లెక్క మళ్ళీ మొదలైంది. ఇప్పుడు నీకూ రాశాను కనుక ఎడమచేతికి పూర్తిగా చెప్పేసినట్టే.

ఇక ఆ చప్పుడు. మా అత్తగారు తెల్లవారుజామున నాలుగున్నరకు స్టీలు గ్లాసుతో మంచం కోడు మీద కొడతారు. కాఫీ కావాలి. సరిగ్గా అదే వేళకు ఎదురింట్లో సుప్రభాతం మొదలవుతుంది. ఇన్నాళ్ళూ మా ఆవిడే లేచేది. పన్నెండో రోజు ఆ కాఫీ తాగాక సిగ్గేసి, పొద్దుటి కాఫీ ఇకనుంచి నేను ఇస్తానన్నాను. రాత్రే డికాక్షను దించి పెట్టుకుంటాను. పాలు కాచి, చక్కెర చెంచాన్నర వేసి, వేడి చూసి, గ్లాసు ఆవిడ చేతికిచ్చి, పట్టు కుదిరేదాకా అడుగున నా చెయ్యి ఉంచాలి.

కాఫీతో కష్టం లేదు. ఆవిడ నన్ను గుర్తుపట్టరు. ఆ మసక వెలుతురులో నన్ను చూసి తన తమ్ముడనుకుంటారు. ఆయన పోయి ఇరవయ్యేళ్ళయింది. ఎప్పుడో ఆవిడ పెళ్ళయిన కొత్తలో, పాకాల దగ్గర పల్లెలో, ఆవిడ దూడగా ఉన్నప్పటి నుంచి పెంచుకున్న ఆవును ఆ తమ్ముడు చెప్పకుండా సంతకు తోలుకెళ్ళి అమ్మేశాడట. "ఆవును ఎవరినడిగి అమ్మావురా?" రోజూ ఇదే ప్రశ్న, నిన్ననే అమ్మినట్టు.

మొదట్లో సరిదిద్దేవాణ్ణి. "అత్తయ్యా, నేను మీ అల్లుణ్ణి." పేరు చెప్పేవాణ్ణి, ఉద్యోగం చెప్పేవాణ్ణి. ఈ ఇల్లు కట్టింది కూడా నేనేనని ఒకరోజు చెప్పాను. (నాలుగున్నరకు, మతి నిలవని మనిషికి, ఇల్లు ఎవరు కట్టారో!) అంతా విని ఆవిడ భయపడేవారు. తమ్ముడైతే తిట్టవచ్చు. ముక్కూమొహం తెలియని మగవాడు చీకట్లో మంచం పక్కన నిలబడి ఉంటే భయపడక ఏం చేస్తారు? గ్లాసు వణికేది. ఒకరోజు కాఫీ దుప్పటి మీద ఒలికింది. దుప్పటి మారుస్తుంటే ఎక్కడో కోడి కూసింది. నిజంగానే కూసింది బావా, మా పేటలో కోళ్ళు పెంచేవాళ్ళు ఇంకా ఉన్నారు. పేతురు మూడుసార్లు ఎరుగనన్నాడు. నేను అప్పటికి మూడుసార్లు "నేను ఫలానా" అని ఉన్నాను.

మర్నాడు ఆవిడ అడగ్గానే "తప్పయిపోయింది అక్కా" అన్నాను.

ఆ రెండు ముక్కలు నోరు దాటడానికి ఎంతసేపు పట్టిందో! చెయ్యని తప్పు, అందులోనూ ఆవు. ఆవిడ ఏమీ అనలేదు. కాఫీ చివరిదాకా తాగారు. గ్లాసు చేతికిస్తూ "అన్నం తిన్నావా?" అని అడిగారు.

అక్కడితో అయిపోయిందనుకున్నావా? మర్నాడు మళ్ళీ ఆవు. నిన్నటి క్షమాపణ ఆవిడకు గుర్తుండదు కదా. కొన్ని రోజులు నాకు నోరు తిరిగింది, కొన్ని రోజులు తిరగలేదు. శుభ శుక్రవారం ఆరాధనలో సిలువ మీది ఏడు మాటల్లో మూడోది నాకిచ్చారు, "ఇదిగో నీ తల్లి" అన్నది. ఆ పొద్దున నోట్సు చూసుకునే తొందరలో "నేను అమ్మలేదని ఎన్నిసార్లు చెప్పాలి!" అని అత్తగారి మీద అరిచి, పదకొండు గంటలకు వెళ్ళి ఆ మాట మీద పది నిమిషాలు చక్కగా మాట్లాడాను. అందరూ బాగుందన్నారు. మా ఆవిడ బండి మీద ఇంటిదాకా ఏమీ మాట్లాడలేదు.

వచ్చే నెల వస్తానన్నావు, తప్పకుండా రా. మామిడిపళ్ళు బాగా వచ్చే వేళ. అత్తగారి కంట పడేటప్పుడు మాత్రం జాగ్రత్త, సంతలో ఆ ఆవును కొన్నది నువ్వేననుకోగలరు. ఇవాళ పొద్దున కొత్త ప్రశ్న వేశారు. "ఎంతకు అమ్మావు?" నాకేం తెలుసు? ఆ రోజుల ధర ఉజ్జాయింపుగా వేసుకుని "నూట ఎనభై అక్కా" అన్నాను.

ఆవిడ గ్లాసు పక్కన పెట్టేసి, "అంత తక్కువకా!" అన్నారు.

ఇట్లు,
నీ పాత గది మిత్రుడు