క్లేవియస్‌లో రెండు కళ్ళు

అనంతపురం,
మాఘ శుద్ధ దశమి, సాయంత్రం

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు కావస్తోంది. జవాబు రాయలేదని కోపంగా ఉంటావు, క్షమించరా. ఇక్కడ అందరం బాగున్నాం. సుజాతకు ట్రాన్స్‌ఫర్ ఆగిపోయింది, చిన్నదానికి ప్రీ ఫైనల్ పరీక్షలు, నాయనకు రెండో కంట్లో కూడా శుక్లం తీసేశారు. స్థలం గురించి నువ్వడిగినవన్నీ ఇంకో ఉత్తరంలో రాస్తాను. ఈరోజు ఒక్క సంగతి చెప్పకపోతే నాకు ఊపిరాడేట్టు లేదు.

గండికోటలో ఆ రాత్రి, ఆ రెండు కళ్ళు గుర్తున్నాయి కదా? "కదలొద్దురా" అని నా చొక్కా పట్టుకున్నావు చూడు. నిన్న రాత్రి మళ్ళీ అచ్చం అలాంటి రెండు కళ్ళు చూశాను. ఈసారి చంద్రుడి మీద!

మొదట్నించీ చెబుతాను. ఆరంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ టెలిస్కోపు, అదే చేత్తో తిప్పుకునే రకం, కొన్నానని రాశాను కదా. రథసప్తమి నాడు దాన్ని మిద్దె మీదికి ఎక్కిస్తే చంద్రుడు కాగే నీళ్ళలో ఉన్నట్టు వణికిపోయాడు. పగలంతా ఎండకు కాగిన మిద్దె రాత్రి తొమ్మిదింటిదాకా సెగ వదులుతూనే ఉంటుంది. ఆ సెగలోంచి చూస్తే ఏ అంచూ నిలవదు. అందుకని నిన్న పొద్దు వాలగానే నాలుగు బకెట్ల నీళ్ళు కుమ్మరించి, టెలిస్కోపును ముందే బయట పెట్టేశాను, అద్దం కూడా చల్లబడాలని. తొమ్మిదిన్నరకు కన్ను పెట్టాను. రమణా, బొమ్మ కదల్లేదురా. చాకుతో చెక్కినట్టుంది.

పున్నమి చంద్రుణ్ణి చూడటానికి ఎగబడతారు కానీ టెలిస్కోపుకు పున్నమి దండగ. ఎండ నడినెత్తిన పడితే నీడలుండవు, నీడలు లేకపోతే కొండా గుంటా ఒకటే. చూడాల్సింది వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర. టెర్మినేటర్ అంటాం దాన్ని. శుక్ల పక్షంలో ఆ గీత మీద ఎక్కడ చూసినా అప్పుడే తెల్లవారుతూ ఉంటుంది. చంద్రుడి మధ్యరేఖ దగ్గర ఆ గీత గంటకు 15 కిలోమీటర్లు జరుగుతుంది, మన సైకిళ్ళ వేగం. దక్షిణాన క్లేవియస్ అనే గుంట దగ్గరికి వచ్చేసరికి గంటకు 8 కిలోమీటర్లే. గట్టిగా నడిచేవాడు అక్కడ తెల్లవారుజాముతో పాటే నడుస్తూ పోవచ్చు! ఈ మాట నిన్నట్నించి నా తలలో తిరుగుతూనే ఉంది.

క్లేవియస్ అంటే దాదాపు 225 కిలోమీటర్ల వెడల్పున్న గుంట. మా ఇంటి దగ్గర బస్సెక్కితే బెంగళూరు దాకా అంతా ఒకే గుంట అనుకో. నిన్న నేను చూసేసరికి దాని నేలంతా కాటుక నలుపు. గోడ అంచులు మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి. ఆ నలుపు మధ్యలో, దేనికీ అంటుకోకుండా, సన్నటి గోరు ముక్కంత వెలుగు. అది క్లేవియస్ డీ. పెద్ద గుంటలో ఇరవై ముప్పై కిలోమీటర్ల చిన్న గుంట అది. దాని గట్టు నేలకన్నా ఎత్తు కాబట్టి ఎండ ముందు దానికే తగిలింది. పదిన్నర దాటాక పక్కన ఇంకో చుక్క మొలిచింది, అక్షింత గింజంత. చూస్తూ చూస్తూ ఉండగానే అది వంపు తిరిగింది. అది క్లేవియస్ సీ. పదకొండున్నరకల్లా చీకట్లోంచి రెండు కళ్ళు నన్నే చూస్తున్నాయి. నా చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయిరా.

ఇది కొన్ని గంటల ముచ్చటే. నీకప్పుడు మెల్‌బోర్న్‌లో తెల్లవారుజాము అయిదు. మీ చంద్రుడు ఎప్పుడో అస్తమించి ఉంటాడు, లేకపోతే ఫోన్ చేసి లేపేవాణ్ణి.

ఫొటో తీయడం మాత్రం యుద్ధమే అయింది. మోటారు లేని టెలిస్కోపు కదా, 120 రెట్లలో నిమిషంన్నరకోసారి చంద్రుడు పక్కకు జారిపోతాడు. ఫోన్‌ను కన్ను పెట్టే ఐపీస్‌కు బిగిస్తే అది చీకటి నేలను చూసి వెలుగు పెంచేస్తుంది, అంచులు సున్నం కొట్టినట్టు తెల్లగా మాడిపోతాయి. తెరమీద వెలుగున్న వైపు వేలు నొక్కిపెట్టి, వెలుగు తగ్గించి, అక్కడ లాక్ చేయాలి. అలా చేసి వీడియో మొదలుపెట్టి నలభై సెకన్లు కాలేదు, బావమరిది ఫోన్! పెళ్ళి భోజనాల లెక్క అడగడానికి. ఆ వీడియో పోయింది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి మళ్ళీ తీశాను. సెకనుకు 60 చొప్పున నిమిషం వీడియో అంటే 3,600 ఫ్రేములు. గాలి నిలకడగా ఉన్న క్షణంలో పడ్డవి అందులో కొన్నే. ఆటోస్టాకర్ట్ ప్రోగ్రాం వాటిని ఏరి ఒకదానిమీద ఒకటి పేరుస్తుంది. పొద్దున నాలుగింటిదాకా అదే పని.

క్లేవియస్ ఎవరో తెలుసా? 1582లో గ్రెగొరీ పోపు క్యాలెండర్ మార్చినప్పుడు లెక్కలు చూసిన పెద్దాయన. గెలీలియో చంద్రుడి మీద కొండలున్నాయంటే ఈయన చివరిదాకా ఒప్పుకోలేదు. ఆయన పోయాక 1651లో రిచోలీ అనే ఖగోళ శాస్త్రవేత్త అంత పెద్ద గుంటకు ఆయన పేరే పెట్టాడు. నాకెందుకో ఆయనంటే ప్రేమ పుట్టింది. ఈ గట్లను ఒక్కసారి ఇలా చూపించి ఉంటే...

అసలైంది ఇంకా చెప్పలేదు. పదకొండున్నరకు నాయనను లేపుకొచ్చాను. కొత్తగా శుక్లం తీసిన కన్ను పెట్టి చాలాసేపు చూశాడు. నేనింకా ఏమీ వివరించలేదు. "ఆడ పొద్దు పొడుస్తా ఉంది కదప్పా" అన్నాడు. నీకెలా తెలిసిందంటే, "ఎండ ముందు గట్ల మీద పడతాది, తర్వాతే మడిలోకి దిగతాది. యాభై ఏండ్లు చూడ్లా నేను?" అన్నాడు. నేను పుస్తకాలు పట్టుకుని నేర్చుకున్నదాన్ని నాయన చేనిగట్టు మీద నిలబడి నేర్చుకున్నాడు. రమణా, నాకు మాట రాలేదు. మీ నాన్న ఉండి ఉంటే ఇద్దరూ కలిసి ఆ మిద్దె మీద తెల్లార్లూ... సరే, ఆ మాట ఇప్పుడొద్దు.

ఫొటో ప్రింటు ఈ కవర్లోనే పెట్టాను. మడత పడకుండా అట్ట పెట్టాను, జాగ్రత్తగా తియ్యి. దక్షిణం పైకి ఉండేట్టు వేయించాను. నా టెలిస్కోపులో తలకిందులుగా అలాగే కనిపిస్తుంది, నీకు అక్కడ చంద్రుడు మామూలుగానే అలా కనిపిస్తాడు. మన కుందేలు నీకు తలకిందులుగా ఉంటుందని నువ్వు మొదటి ఏడాది దిగులుగా రాశావు గుర్తుందా? ఇప్పుడు నేను చూసేదీ ఆ కుందేలునే. పై భాగంలో నలుపు మధ్య చూడు. మొదట కుడివైపా ఎడమవైపా అని నేను చెప్పను, నువ్వే కనుక్కో. దొరగ్గానే గండికోటలో అన్న మాటే అంటావు, పందెం.

ఈ రాత్రి కోపర్నికస్ అనే ఇంకో గుంట వంతు. లోపల మెట్లు మెట్లుగా గోడలు, నడుమ కొండలు, ఇప్పుడే నీడలు పొడుగ్గా... చిన్నది పైనుంచి కేకేస్తోంది, మిద్దె చల్లబడిందట. పోతున్నా. స్థలం సంగతి