ఈ సెమిస్టర్ మీ చేతుల మీదుగా నడిచింది

సామాన్లు దిగిపోయాయి, పాస్‌పోర్టులు చేతికొచ్చాయి, మార్కుల కాగితాలు కూడా త్వరలో వస్తాయి. వాటి మీద ఓడ సిబ్బంది అయిన మీ పేర్లు ఉండవు. 1926లో రిండామ్ అనే ఓడ సుమారు 500 మంది విద్యార్థులతో ప్రపంచయాత్రకు బయల్దేరిన నాడూ, 1963లో ఓడలో చదువుకుంటూ దేశాలు తిరిగే సెమిస్టర్ ఎట్ సీ కార్యక్రమానికి పునాది పడిన నాడూ, ఇవాళా అంతే. క్రెడిట్లు చదివినవాళ్లకి, పేరు పాఠం చెప్పినవాళ్లకి. ఆ పాఠం జరిగేలా చూసిన సరంగుకి, కళాసీలకి, బ్రిడ్జి (ఓడను నడిపే గది) మీదివాళ్లకి, ఇంజిన్ గదివాళ్లకి, వంటవాళ్లకి, క్యాబిన్లు సర్దినవాళ్లకి, నర్సులకి విద్యార్థులందరి తరఫునా ఈ నాలుగు మాటలు. ఊరికే థ్యాంక్స్ అంటే సరిపోదు. ఏ పనికి చెబుతున్నామో ఆ పని పేరు చెప్పాలి.

ముందుగా గడియారం సంగతి. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది గనక 15 డిగ్రీల రేఖాంశానికి ఒక గంట తేడా. భూమధ్యరేఖ దగ్గర 15 డిగ్రీలంటే 900 నాటికల్ మైళ్లు. 18 నాట్ల వేగంతో, అంటే గంటకు 18 నాటికల్ మైళ్లు పోయే ఓడ రోజుకు 432 నాటికల్ మైళ్లు వెళ్తుంది. అంటే తూర్పుకో పడమరకో సూటిగా పోతుంటే దాదాపు రెండు రోజులకోసారి ముల్లు తిప్పాల్సిందే. ధ్రువాల వైపు జరిగేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి కాబట్టి ఇంకా త్వరగా తిప్పాలి. పడమర ప్రయాణంలో ముల్లు తిప్పిన రోజుకి 25 గంటలు, నిద్ర కలిసొస్తుంది. తూర్పుకైతే 23 గంటలే, క్లాసు మాత్రం అదే వేళకి. క్యాబిన్లో పడుకున్నవాళ్లకి నిద్రగా కలిసొచ్చిన ఆ గంట, రాత్రి బ్రిడ్జి మీద వంతులో ఉన్న మీకు అదనపు పని. అంతర్జాతీయ తేదీ రేఖ దగ్గర చిక్కు ఇంకా పెద్దది. పడమరకు దాటితే ఒక తేదీ ఎగిరిపోతుంది, తూర్పుకు దాటితే అదే తేదీ రెండుసార్లు వస్తుంది. సోమవారం, మంగళవారం అని టైమ్‌టేబుల్ వేస్తే ఏదో ఒక క్లాసు గల్లంతవుతుంది. అందుకే వారాల జోలికి పోకుండా 'ఎ' రోజు, 'బి' రోజు అని మార్చి మార్చి నడిపిన కార్యాలయం వాళ్లకి ప్రత్యేకంగా నమస్కారాలు.

ఓడ ఊపుకి కడుపులో తిప్పేవాళ్లని కాచుకున్న నర్సులకి ఎన్ని చెప్పినా తక్కువే. కదులుతున్నామని లోపలి చెవి చెబుతుంది, క్యాబిన్ గోడను చూస్తున్న కళ్లేమో కదలడం లేదంటాయి. ఈ రెంటికీ పొసగకే వికారం. వాంతులు మొదలయ్యాక వేసుకున్న మాత్ర కడుపులో నిలవదు, కనీసం గంట ముందు పడాలి. అందుకే రేపు సముద్రం అల్లకల్లోలంగా ఉంటుందని ముందురోజే మైకులో చెప్పించేవారు మీరు. తక్కెడ దండె మధ్యలో కదలిక తక్కువ, కొసల్లో ఎక్కువ. ఓడా అంతే. అందుకని తట్టుకోలేనివాళ్లని కింది డెక్కుల్లో ఓడ నడిమికి తీసుకొచ్చి కూర్చోబెట్టేవారు. గాలి కావాలన్నవాళ్లకి ఆకాశం, నీళ్లు కలిసే గీతను చూస్తూ ఉండమని చెప్పేవారు. పుస్తకం మూసేయమనడం కూడా వైద్యమేనని అప్పుడే తెలిసేది.

అలాంటి రోజుల్లో భోజనశాలలో జరిగే పని దగ్గర్నుంచి చూడాలి. బల్ల మీద గుడ్డ పరిచి, దానిమీద కాసిని నీళ్లు చిలకరించి, మధ్య నుంచి అంచులదాకా అరచేత్తో అదుముకుంటూ పోతారు. పొడిగుడ్డ మీద పళ్లెం జారుతుంది, తడిగుడ్డను పట్టుకుని నిలుస్తుంది. సూపు గిన్నెలో సగానికే. గ్లాసు కూడా అంతే. పళ్లాల దొంతరని ఒక చేత్తో ఛాతీకి ఆనించుకుని, రెండో చెయ్యి కమ్మీ కోసం ఖాళీగా ఉంచుకుని నడుస్తారు. తలుపు దగ్గర ఎవరైనా చట్రం మీద వేళ్లు పెడితే పరుగున వచ్చి తీయించేవారు. మంటలు ఆపే తలుపులు బరువైనవి, ఓడ ఒరిగితే వాటంతటవే మూసుకుంటాయి, వేళ్లు నలుగుతాయి. పిడి పట్టుకోవాలి తప్ప అంచు పట్టుకోకూడదు.

భోజనశాల గుమ్మంలో నిలబడి అందరిచేతా సబ్బుతో చేతులు కడిగించినవాళ్లని కొందరు విసుక్కున్నారు. వాళ్ల తరఫున క్షమాపణలు. ఓడల్లో వాంతులు, విరేచనాలు అంటించే నోరోవైరస్‌కి శానిటైజర్ గట్టి మందు కాదు. సబ్బు, నీళ్లు, 20 సెకన్లు, అదే దారి. లక్షణాలు తగ్గాక కూడా 48 గంటలు గదిలోనే ఉండమనడం శిక్ష కాదు, అప్పటికీ అంటించగలరు కాబట్టి. ఆ గది గుమ్మందాకా భోజనం మోసుకొచ్చింది మీరే.

ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత: ఓడలో ప్రమాద సంకేతం అది. ఆ శబ్దానికి లైఫ్ జాకెట్‌తో ఎక్కడికి రావాలో నిద్రలో లేపినా చెప్పగలం ఇప్పుడు. 2012లో కోస్టా కాంకార్డియా అనే ప్రయాణికుల ఓడ ప్రమాదం తర్వాత నిబంధన మారింది. 2015 నుంచి ప్రయాణికులంతా అలా గుమిగూడే కసరత్తు ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే జరగాలి. రేవులో మోకులు బిగించే చోట ఫొటోల కోసం నిలబడనివ్వని సరంగు మాట కూడా గుర్తుంది. బిగువు మీదున్న మోకు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది, ఆ దెబ్బకి ప్రాణాలే పోతాయి.

దిగేరోజు సాయం చివరిది. సామాను ముందురాత్రే చీటీ కట్టి గది బయట పెట్టాలి, తెల్లారేసరికి అది అందకుండా పోతుంది. మందులు, కాగితాలు, మర్నాటి బట్టలు, చెప్పులు చేతిసంచిలో ఉన్నాయా అని గది గదికీ అడిగిపోయారు. చెక్కబొమ్మలు, గింజలు, తినేవి ఉంటే కస్టమ్స్ కాగితంలో దాచకుండా రాయమన్నారు. నేల మీద కాలు పెట్టాక ఒకటి రెండు రోజులు ఊగినట్టే ఉంటుందని, ఓడకి అలవాటుపడిన చెవి ఇంకా ఊపును సరిచేస్తూ ఉంటుందని, అది పోకుండా చాలా రోజులు నిలిస్తే వైద్యుడికి చూపించుకోమని నర్సులు చెప్పి పంపారు.

అందరూ దిగిన ఆ మధ్యాహ్నమే మీరు దుప్పట్లు మార్చడం, కూరగాయలు, సరుకులు ఎక్కించడం మొదలుపెట్టారు. మేమందరం ఇళ్లకి చేరాం. మీరు చేరడానికి ఇంకా నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ సముద్రం మీపట్ల మెత్తగా ఉండాలి, మీ ఇంట్లోవాళ్లు మిమ్మల్ని క్షేమంగా తిరిగి చూడాలి.