విషయం: సెల్లార్ పైనున్న నేలకు పెట్టిన ఇన్సులేషన్ సరిచేయకుండానే నా ఫిర్యాదు మూసేయడం గురించి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. నేల చల్లగా ఉందన్న బాధ కన్నా, మీ వాళ్లు నన్ను మనిషిగా కూడా లెక్క చేయలేదన్న బాధ ఎక్కువై ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా హాలు కింద హీటింగ్ లేని సెల్లార్ ఉంది. చలికాలంలో ఆ హాల్లో కాలు కింద పెట్టలేం. ఎలాగూ పాత ఫ్లోరింగ్ తీసేస్తున్నాం కదా, పనిలో పనిగా చలిని ఆపే ఇన్సులేషన్ కూడా పెట్టిద్దామని రెండు పనులూ మీకే అప్పజెప్పాం. మీ టీమ్ సెల్లార్‌లోంచి నేలను మోసే దూలాల మధ్య మినరల్ ఊల్ (రాతి లేదా గాజు నారతో చేసే, దూదిలాంటి పదార్థం) కూరి వెళ్లింది. నేను దిగి చూస్తే అది జారి వేలాడుతోంది. పైనున్న నేల పలకలకూ దానికీ మధ్య నా అరచెయ్యి సులువుగా దూరింది, లోపల చల్లగాలి వేళ్లకు తగిలింది. పలకలకు అంటుకుని ఉండాల్సింది అలా జారితే పెట్టినా పెట్టనట్టే. పైగా ఆవిరిని ఆపే షీటును వెచ్చని గది వైపు కాకుండా సెల్లార్ వైపు కొట్టారు. ఇంట్లోని తేమ ఆ చల్లని షీటు దగ్గర నీరు కడితే దూలాలు పుచ్చిపోవా?

ఫోన్ చేస్తే వచ్చి సరిచేస్తారులే అనుకున్నాను. మొదట ఎత్తినామె నా మాట సగంలోనే ఆపి ఫ్లోరింగ్ విభాగానికి కలిపింది. అక్కడ ఒకాయన, "మాది పైభాగం వరకే మేడమ్, కింద ఏముందో మాకు సంబంధం లేదు" అన్నాడు. ఇన్సులేషన్ విభాగం వాళ్లేమో, "ముందు ఫ్లోరింగ్ పూర్తి కానివ్వండి, తర్వాత చూద్దాం" అన్నారు. పూర్తయ్యాక ఏం చూస్తారండీ? పలకల సందులు పైనుంచి మూయడానికి వీలున్నది ఇప్పుడే. కొత్త ఫ్లోరింగ్ పరిచేస్తే మళ్లీ అంతా పీకాల్సిందే.

ఇంకొకాయన ఫ్లోరింగ్ కింద వేసే ఫోమ్ షీటు చాలన్నాడు. 3 మిల్లీమీటర్ల ఫోమ్ ఎక్కడ, 100 మిల్లీమీటర్ల ఊల్ ఎక్కడ? చలిని ఆపడంలో ఆ రెండు పదార్థాలూ దాదాపు ఒకటే, మందంలోనే ముప్పై రెట్లకు పైగా తేడా ఉంది. ఈ మాత్రం తెలియనివాళ్లను ఫోన్ దగ్గర కూర్చోబెడతారా? సెల్లార్‌లోకి వెచ్చదనం దిగడం తగ్గితే అక్కడున్న నీళ్ల పైపులు గడ్డకట్టే ప్రమాదం ఉంది, వాటికీ తొడుగు వేయాలి కదా అని నేనే అడిగితే, "అది ప్లంబింగ్ మేడమ్" అని పెట్టేశారు.

ఫొటోలు పంపమంటే పంపాను. స్పష్టంగా లేవన్నారు, మళ్లీ పంపాను. సూపర్‌వైజర్ 24 గంటల్లో ఫోన్ చేస్తారన్నారు. ఎక్కడ మిస్సవుతుందోనన్న టెన్షన్‌తో వంటింట్లోకి కూడా ఫోన్ పట్టుకుని తిరిగాను. సూపర్‌వైజర్ ఫోన్ రాలేదు. "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్ వచ్చింది! ఇంతకన్నా అవమానం ఉంటుందా? మా ఇంటికి ఒక్కరూ రాలేదు, సెల్లార్ మెట్లు ఒక్కరూ దిగలేదు.

మా పడకగదిలో, పిల్లల గదిలో ఉన్నది మీ ఫ్లోరింగే. మా తమ్ముడు ఇల్లు బాగుచేయించుకుంటుంటే మీ పేరే చెప్పాను. ఇప్పుడు వాడికి ఏ ముఖం పెట్టుకుని సమాధానం చెప్పాలి? పాత కస్టమర్ అంటే మీ దృష్టిలో డబ్బు కట్టేసిన మనిషి, అంతేనా?

ఫ్లోరింగ్ పనిని వెంటనే ఆపించండి. ఈ వారంలోగా పని తెలిసిన మనిషిని పంపి, ఊల్‌ను పలకలకు ఆనించి కట్టించండి, షీటు వైపు మార్పించండి. లేదంటే వేరేవాళ్లతో చేయించుకుని ఆ ఖర్చు మీ దగ్గరే వసూలు చేస్తాను. అవసరమైతే కోర్టుకైనా వెళ్తాను, మీ మెసేజ్‌లన్నీ దాచిపెట్టాను. ఈసారి నాకు ఫోన్ చేసేవాళ్లు ఇంకో విభాగానికి కలపకుండా, ఎవరు వస్తారో, ఏ రోజు వస్తారో చెప్పాలి.

ఇట్లు,
మీ పాత కస్టమర్