పాలసముద్రం అకాడమీలో మా స్టేషన్ల పోలీసులకి కూడా క్లాసులు పెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో గంజాయి పట్టివేత వార్తలు వస్తానే ఉంటాయి, ముందు టేబుల్ మీద ప్యాకెట్లు, వెనక ముసుగులేసి నిలబెట్టిన పిల్లోళ్ళు, మధ్యలో సీఐ గారు డీఎస్పీ గారు. ఆ ఫొటో చూసిన రోజు అందరం బాగా పట్టినారు అనుకుంటాం. తర్వాత ఎప్పుడో ఆ కేసు కోర్టులో ఏమైందో మాత్రం పేపర్లో రాదు, ఎవురూ అడగరు కూడా. నేను రిటైర్డ్ వీఆర్వోని. సర్వీసులో ఉండంగా స్టేషన్ నుంచి ఫోన్ వస్తే పంచనామాకి పోయి సంతకం పెట్టి, మళ్ళీ అదే కాగితం పట్టుకుని కోర్టు బోనులో నిలబడి సాక్ష్యం చెప్పినోణ్ణి, అందుకే మత్తుమందుల కేసుల కాగితం ఎట్ల రాయాలో మన స్టేషన్ల పోలీసులకి పాలసముద్రంలో ఉన్న కేంద్రం అకాడమీలో నేర్పమని అడగడానికి ఇది రాస్తన్నా.

ఒక కేసు చెప్తా. ఏ స్టేషనో చెప్పను, అది ముఖ్యం కాదు. హైవే పక్కన ఇద్దరు పిల్లోళ్ళని రెండు బ్యాగులతో పట్టుకున్నారు, బ్యాగుల్లో బ్రౌన్ టేపు చుట్టిన పొట్లాలు, విప్పితే వాసన గుప్పుమంటాది, దాంట్లో మొగ్గలు, ఆకు, పుల్లలు, గింజలు అన్నీ కలిసి ఉన్నాయి. తూకం కోసం దగ్గర్లో ఉన్న కిరాణా అంగట్లోంచి ఎలక్ట్రానిక్ కాటా తెప్పించినారు, టేపు తీయకుండా పొట్లాలు పొట్లాలుగానే తూచినారు, అంతా కలిపి ఇరవై కిలోల మీద కొంచెం వచ్చింది, అంతే రాసేసినారు. స్టేషన్లో కాగితాలు రాసే రైటర్ పాపం అప్పటికే డ్యూటీ దిగాల్సినోడు, నిద్ర కళ్ళతో రాసినాడు. అరెస్టు ఎందుకు చేస్తన్నామో చెప్పే కాగితం తెలుగులో రాసిచ్చినారు, ఆ పిల్లోళ్ళకి తెలుగు ఒక్క ముక్క రాదు. కోర్టులో డిఫెన్స్ లాయరు నన్ను గట్టిగా ఏమీ అడగలేదు, నెమ్మదిగానే అడిగినాడు, ఏమప్పా ఆ కాటా ఎవురిది, అంగడాయన్ని సాక్షిగా పెట్టినారా, దానికి తూనికల శాఖ ముద్ర ఉందా, టేపు బరువెంత, పుల్లలు వేరే తీసినారా, ఆకు వేరే తీసినారా అని. నేను చూసింది చూసినట్టు చెప్పినా. కేసు కొట్టేసినారు. పట్టుకున్న పోలీసోళ్ళు దొంగలు కాదు, లంచం తినలేదు, రాత్రంతా చలిలో నిలబడి ప్రాణానికి తెగించి బండి ఆపినారు. వాళ్ళకి ఎట్ల రాయాలో ఎవురూ కూర్చోబెట్టి నేర్పలేదు, అదీ నా బాధ.

చట్టం చూస్తే తెలుస్తాది ఎందుకు కొట్టేస్తారో. 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ యాక్ట్, అంటే మత్తుమందుల చట్టం, చాలా కఠినమైంది, గంజాయి ఇరవై కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, అంటే వ్యాపారం కింద లెక్కేసే బరువు, తక్కువలో తక్కువ 10 ఏళ్ళు, ఎక్కువైతే 20 ఏళ్ళు జైలు, బెయిల్ దొరకడం కూడా 37వ సెక్షన్ వల్ల చాలా కష్టం. ఇంత పెద్ద శిక్ష వేసే చట్టం కాబట్టి కోర్టులు ప్రతి మెట్టూ సరిగ్గా ఎక్కినారా లేదా అని చూస్తాయి, చూడాల్సిందే కూడా, రేపు అమాయకుడి బ్యాగులో ఎవరైనా పెట్టినా కాపాడేది అదే. ఇదే చట్టంలో గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ వచ్చిన కొసలు అని రాసుంది, కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ లెక్కలోకి రావు. అంటే మొత్తం కలిపి తూచిన ఇరవై కిలోలు నిజంగా ఎంత అనే ప్రశ్న వస్తాది, ఆ ప్రశ్నకి పంచనామాలో జవాబు లేకపోతే 20 ఏళ్ళ కేసు కాస్తా చిన్న కేసు అయితాది, లేదా అసలు కేసే ఉండదు.

ఇంక సమాచారం వచ్చిన వెంటనే రాసి పెట్టుకోవాల, 72 గంటల్లో పై ఆఫీసరుకి పంపాల, ఇది 42వ సెక్షన్. పొద్దు మునిగినాక వారెంట్ లేకుండా ఇంట్లో సోదా చేస్తే ఎందుకు చేయాల్సొచ్చిందో రాయాల. మనిషి ఒంటి మీద వెతకాలంటే గెజిటెడ్ ఆఫీసరు గానీ మేజిస్ట్రేటు గానీ ముందుండాలని అడిగే హక్కు నీకుంది అని 50వ సెక్షన్ కింద వాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పాల, చెప్పినట్టు కాగితం మీద ఉండాల. పట్టుకున్నాక 48 గంటల్లో పూర్తి రిపోర్టు. శాంపిల్ ఇంతకు ముందు స్పాట్‌లోనే తీసి సీలేసేవాళ్ళు, 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు అది మేజిస్ట్రేటు ముందరే తీయాలని గట్టిగా చెప్పింది, 2022 డిసెంబర్లో కేంద్రం దానికి రూల్సే తెచ్చింది, గంజాయి అయితే 24 గ్రాములు చొప్పున రెండు శాంపిల్స్. 2024 జూలై 1 నుంచి సీఆర్పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 105వ సెక్షన్ కింద సోదా అంతా వీడియో తీయాల. మా అల్లుడు కోర్టులో ప్రాక్టీసు చేస్తాడు, ఇప్పటికీ కొన్ని ఫైళ్ళలో పాత ఫార్మాట్ కాగితమే పేరు మార్చి, తేదీ మార్చి పెడతన్నారు మామా అంటాడు. చట్టం మూడు సార్లు మారితే స్టేషన్లో ఫార్మాట్ ఒక్కసారి కూడా మారకపోతే తప్పు ఎవురిది? ఆ రైటర్‌ది మాత్రం కాదు.

మన జిల్లాలకే ఈ గొడవ ఎందుకు ఎక్కువ అంటే దారి అట్లాంటిది. ఆంధ్రా ఒడిశా బార్డర్ కొండల నుంచి బెంగళూరుకి సరుకు పోవాలంటే మన మీదగా పోయే దారులు చానా ఉన్నాయి. కర్నూలు పంచలింగాల కాడ రాష్ట్రంలోకి వచ్చిన 44వ నంబర్ హైవే డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదగా కొడికొండ దాటి కర్ణాటకలోకి పోతాది. కర్నూలు నుంచి నంద్యాల, కడప మీదగా పోయే 40వ నంబర్ హైవే ఇంకోటి. భువనేశ్వర్ నుంచి బెంగళూరు పోయే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ నంద్యాల, గుంతకల్లు, అనంతపురం, ధర్మవరం అన్నీ తాకుతాది. 2021లో ఆపరేషన్ పరివర్తన్ పెట్టి విశాఖ ఏజెన్సీలో గంజాయి తోటలు కొట్టేసినారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోల గంజాయి ఒకేసారి తగలబెట్టినారు, మంచిదే, అయినా దారి మీద ఉన్నోళ్ళకి పని తగ్గలేదు. కాబట్టి విశాఖ వైపు ఆఫీసర్లకి ఎంత ట్రైనింగ్ కావాలో గుత్తి ఎస్సైకి, డోన్ హెడ్ కానిస్టేబుల్‌కి, గుంతకల్లు రైల్వే పోలీసుకి అంతే కావాల.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మా పాత అనంతపురం జిల్లాలోనే, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా, గోరంట్ల మండలం పాలసముద్రంలో కేంద్రం కట్టిన పెద్ద అకాడమీ ఉంది, నాసిన్ అంటారు. 2024 జనవరి 16న ప్రధాని మోదీ గారు వచ్చి ప్రారంభించినారు. కస్టమ్స్, పరోక్ష పన్నులు, నార్కోటిక్స్ జాతీయ అకాడమీ అని దాని పూర్తి పేరు. దాంట్లో నార్కోటిక్స్ స్టడీ సెంటరే వేరేగా ఉంది, బ్యాగేజీ ఎక్స్‌రే స్క్రీనింగ్ నేర్పే సెంటరూ ఉంది. వందల ఎకరాలు మా సీమ రైతుల నేల అది. దేశం నలుమూలల నుంచి ఆఫీసర్లు వచ్చి అక్కడ నేర్చుకుంటారు, చాలా సంతోషం. మరి దానికి గంటన్నర ప్రయాణంలో ఉన్న స్టేషన్లలో నాకు తెలిసిన ఎస్సైలు, హెడ్లు అక్కడ కూర్చుని ఒక్క క్లాసు విన్నోళ్ళు కాదు. అనంతపురంలో పోలీస్ ట్రైనింగ్ కాలేజీ ఉంది, దానికి దీనికి లంకె పెట్టి, నెలకి ఒక బ్యాచ్, ఐదు రోజులు, కర్నూలు, నంద్యాల, కడప, అన్నమయ్య, అనంతపురం, సత్యసాయి జిల్లాల నుంచి స్టేషన్‌కి ఒక ఎస్సై ఒక రైటర్ చొప్పున పంపితే ఎంత బాగుంటాది. రైటర్ని తప్పకుండా పంపాల, ఎందుకంటే ఎస్సై ట్రాన్స్‌ఫర్ అయితాడు, రాసేది రైటరే.

క్లాసు అంటే ప్రొజెక్టర్ పెట్టి సెక్షన్లు చదివేది కాదు. గోడౌన్లో ఒక బ్యాగు పెట్టి, చీకట్లో టార్చి పెట్టి, నిజంగా పట్టుకున్నట్టే చేయించాల, వీడియో తీయించాల, తూయించాల, సీలేయించాల, కాగితం రాయించాల, మర్నాడు ఒక మంచి డిఫెన్స్ లాయర్ని పిలిపించి ఆ కాగితం మీదే క్రాస్ ఎగ్జామినేషన్ చేయించాల. అప్పుడు తెలుస్తాది ఎక్కడ చిరుగు పడిందో. ఒక్కసారి ఆ బోనులో చెమటలు పట్టినోడు జన్మలో కాటా నంబరు రాయడం మర్చిపోడు.

ఇంకోటి, బ్యాగు మోసినోడు దొరుకుతాడు, పంపినోడు ఎప్పుడూ పరారీలోనే ఉంటాడు. ఛార్జిషీట్లో ఏ-3, అంటే మూడో ముద్దాయి, పరారీ అని రాసి వదిలేస్తే ఎట్ల? మోసినోడు ఎవురో పేదోడు, రోజు కూలీ కంటే నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయని ఒప్పుకున్నోడు. వాడి ఫోన్లో ఫోన్‌పే లెక్కలు, కాల్ రికార్డులు, లొకేషన్లు, బండి ఎవరి పేరు మీదుందో, ఇవన్నీ పట్టుకుని వెనక్కి పోవడం ఒక విద్య, అది నేర్పాల. ఈ చట్టంలో 5ఏ అధ్యాయం కింద అక్రమంగా సంపాదించిన ఆస్తి జప్తు చేసే దారి కూడా ఉంది, మా వైపు స్టేషన్ స్థాయిలో దాని గురించి మాట్లాడేవాళ్ళే తక్కువ.

మాత్రల సంగతి కూడా అంతే. నొప్పి మాత్ర ట్రమడాల్ 2018 నుంచి ఎన్‌డీపీఎస్ కిందకి వచ్చింది, 250 గ్రాములు దాటితే అదీ కమర్షియలే, 2020 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కలిపిన పొడితో సహా మొత్తం బరువు లెక్క. అట్టపెట్టె మీద పేరు చదివి ఇది ఏ చట్టం కిందకి వస్తాదో చెప్పగలిగేటట్టు కానిస్టేబుల్‌కి నేర్పాల. అట్లే వాడకానికి బానిసైన పిల్లోడు వైద్యం చేయించుకుంటానని తనంతట తాను ముందుకొస్తే ఇదే చట్టం 64ఏ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంది. కాలేజీ పిల్లోడు చిన్న పొట్లంతో దొరికితే వాణ్ణి అమ్మేవాడితో కలిపి ఒకే ఫొటోలో నిలబెట్టకుండా వాళ్ళ అమ్మానాన్నకి ఈ మాట చెప్పే పోలీసు కావాల మాకు. మా వీధిలో ఒక తల్లి కొడుకుని డీఅడిక్షన్ సెంటర్‌కి తీస్కపోతే కేసు పెడతారేమో అని ఎన్నాళ్ళు దాచిపెట్టిందో నాకు తెలుసు.

రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబర్లో మత్తుమందుల్ని అరికట్టడానికి ఈగల్ అనే పోలీసు విభాగం పెట్టింది, ఫోన్ చేసి చెప్పడానికి 1972 నంబరు ఇచ్చింది. దానికి అధిపతిగా వేసిన ఆకే రవికృష్ణ గారు కర్నూలు ఎస్పీగా ఉండంగా ఫ్యాక్షన్ ఊరు కప్పట్రాళ్ళని దత్తత తీసుకున్న ఆఫీసరు, మా సీమ పల్లె ఎట్లుంటాదో ఆయనకి ఎవురూ చెప్పనక్కర్లేదు. ఈగల్ తరఫున పాలసముద్రానికి ఒక లెటర్ పోతే, పైన కేంద్రంలో మన ఎంపీలు ఒక మాట అంటే పని అవుతాది. జిల్లాల్లో కలెక్టర్ల అధ్యక్షతన మత్తుమందుల మీద శాఖలన్నీ కూర్చునే నార్కో కోఆర్డినేషన్ మీటింగులు ఎట్లాగూ జరుగుతాయి, వచ్చే మీటింగులో ఈ ట్రైనింగ్ సంగతి అజెండాలో పెట్టమని మా కలెక్టర్ గారిని, ఎస్పీ గారిని మీ పేపర్ ద్వారా అడుగుతన్నా. ఆ బ్యాచ్‌లతో పాటు పంచనామాకి పిలిచే వీఆర్వోలకి, తహసీల్దార్లకి కూడా ఒక పూట క్లాసు పెట్టండి, సంతకం పెట్టేది వాళ్ళే, రేపు బోను ఎక్కేది కూడా వాళ్ళే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వీఆర్వో,
గుత్తి, అనంతపురం జిల్లా