గాలానికి లైసెన్సు

ఒరేయ్ సూరిగా,

నీ వాయిస్ మెసేజ్ వచ్చి మూడు వారాలైంది, జవాబు లేదని తిట్టుకుంటూనే ఉంటావు, తిట్టుకో. ఫోన్లో చెబితే సగం మర్చిపోతాను, మిగతా సగం నువ్వు మధ్యలో దూరి చెప్పనివ్వవు, అందుకే కూర్చుని రాస్తున్నా. పెద్దదే, టీ పెట్టుకుని చదువు.

అమ్మా నాన్నా ఏప్రిల్లో ఇక్కడికి, అమెరికాకి వచ్చారని తెలుసు కదా. మొదటి నెల కొత్త మోజులో గడిచిపోయింది. తర్వాత నాన్న, అదే మీ లెక్కల మాస్టారి అవస్థ చూడలేకపోయానురా. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని మరీ సోఫాలో కూర్చుంటాడు, రాని బస్సు కోసం బస్టాండులో కూర్చున్నట్టు. ఎక్కడికని వెళ్తాడు? వీధిలోకి పోతే మనిషన్నవాడు కనపడడు. ఓ రోజు గంటసేపు తిరిగొచ్చి, "మన వీధిలో ముప్పై ఎనిమిది కార్లున్నాయిరా, అందులో పద్నాలుగు తెల్లవి" అన్నాడు. నాకేం మాట్లాడాలో తోచలేదు.

ఇక్కడ మిన్నెసోటాలో వేసవి అంటే గట్టిగా మూడు నెలలు. ఆ మూడు నెలల్లో శుక్రవారం మధ్యాహ్నమైతే చాలు, జనం కార్ల వెనక పడవలు తగిలించుకుని ఉత్తరానికి బయల్దేరిపోతారు, క్యాబిన్‌కి వెళ్తున్నాం అంటూ. క్యాబిన్ అంటే సరస్సు ఒడ్డున చిన్న కొయ్య ఇల్లు. కొందరికి తాతల నాటి సొంత క్యాబిన్లుంటాయి, మనలాంటివాళ్ళం అద్దెకి తీసుకోవాలి, అదీ చాలాచోట్ల శనివారం నుంచి శనివారం దాకా, మధ్యలో రెండ్రోజులు కావాలంటే ఇవ్వరు. మా ఆవిడ జనవరిలోనే, బయట మంచు మోకాలెత్తున ఉండగా, జులైకి బుక్ చేసేసింది. ఏసీ లేని కొయ్య ఇంటికి పద్నాలుగు వందల డాలర్లా అని నేను గొడవ కూడా పడ్డాను. తప్పు నాదే, ఇప్పుడు ఒప్పుకుంటున్నా, తనకి చెప్పకు.

దారిలో నాన్న ముందు కారు నంబర్ ప్లేటు చదివాడు. పదివేల సరస్సులు అని రాసి ఉంటుంది ఇక్కడ ప్లేట్ల మీద. "నిజంగా ఎన్ని?" అన్నాడు. పెద్దాడు ఫోన్లో చూసి, పదెకరాలు, అంతకంటే పెద్దవి లెక్కేస్తే 11,842 తాతయ్యా అన్నాడు. "మరి పదివేలేంటి? రౌండ్ చేసినా పన్నెండు వేలవ్వాలిగా!" అక్కణ్ణుంచి అరగంట అదే గొడవ. అన్ని సరస్సులకి పేర్లు పెట్టలేక చేతులెత్తేసినట్టున్నారు, లాంగ్ లేక్ అనే పేరుతోనే వందకు పైగా ఉన్నాయట. మేం దిగింది పార్క్ రాపిడ్స్ అనే చిన్న ఊరి దగ్గర, మా ఇంటి నుంచి నాలుగ్గంటలకి కాస్త తక్కువ దారి.

క్యాబిన్ గురించి ఎక్కువ చెప్పను, రెండు గదులు, పైన్ చెక్క గోడలు, ఒకదానికొకటి పోలిక లేని పళ్ళాలు, ముందు దోమతెర కట్టిన వరండా, అక్కణ్ణుంచి ఇరవై అడుగులేస్తే నీళ్ళలోకి చెక్క వంతెనలాంటి డాక్. అమ్మకి వచ్చిన చిక్కల్లా దీపం. ఇక్కడ జులై మొదట్లో పొద్దుగుంకేది తొమ్మిదింబావుకి. సంధ్యదీపం ఎప్పుడు పెట్టాలి? గడియారం చూసి ఆరున్నరకా, సూర్యుణ్ణి చూసి తొమ్మిదింబావుకా? మూడు రోజులు ఆలోచించి చివరికి రెండుసార్లూ పెట్టేసింది.

ఇక అసలు కథ. మొదటి రోజు సాయంత్రం నాన్న డాక్ చివర నిలబడి నీళ్ళలోకి చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. వెనక్కి వచ్చి, "ఇందులో చేపలున్నాయిరా" అన్నాడు, ఎవరికీ తెలియని రహస్యం చెప్పినట్టు. నీకు గుర్తుందా, వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు మడుగుల్లో మిగిలిన నీళ్ళ దగ్గర మనిద్దర్నీ కూర్చోబెట్టి గాలం వేయించేవాడు, మాట్లాడితే నెత్తిన మొట్టికాయ? ఆ మనిషి గాలం పట్టి ముప్పై ఏళ్ళయ్యుంటుంది.

మర్నాడు ఎర కొనడానికి ఊళ్ళో కొట్టుకి తీసుకెళ్ళాను. పిల్లలకి అక్కర్లేదు గానీ పెద్దవాళ్ళకి గాలం వెయ్యాలంటే లైసెన్సు ఉండాలి, బయటివాళ్ళకి రేటు ఇంకా ఎక్కువ. పాస్‌పోర్ట్ తియ్యి నాన్నా అంటే మొహం చూడాలి నువ్వు. "గాలానికి లైసెన్సా? నేనేమన్నా లారీ తోలుతున్నానా?" చివరికి ఏడు రోజులది తీసుకున్నాం. ఆ కాగితం మడతపెట్టి పెన్ను పక్కనే జేబులో పెట్టుకున్నాడు, వారమంతా అక్కడే ఉంది.

కొట్టు వెనక పెద్ద ఫ్రిజ్. అందులో పాలూ పెరుగూ కాదురా, డబ్బాల్లో వానపాములు, పక్కన నీళ్ళలో జలగలు, డజను లెక్కన! ఊడ్పులప్పుడు కాళ్ళకి పట్టుకున్న జలగల్ని ఉప్పేసి పీకించుకున్న అమ్మ, డబ్బులిచ్చి కొనడం చూసి బయటికి వెళ్ళిపోయింది. అవి వాల్ఐ అనే చేపకి ఎర. మిన్నెసోటా రాష్ట్ర చేప అది, కళ్ళు గాజు గోళీల్లా ఉంటాయి, మసక వెలుతుర్లో బాగా కనిపిస్తుంది దానికి, అందుకే ఎక్కువగా మేతకి వచ్చేది పొద్దు వాలాకే.

నేను కొన్న రీలు గాలం నాన్న ఒకసారి తిప్పి చూసి పక్కన పెట్టేశాడు. దారం మాత్రం విప్పుకుని ఓ చెక్కముక్కకి చుట్టుకున్నాడు. జలగ మొద్దుగా ఉండేవైపు ముల్లు గుచ్చి, బెండు నుంచి గాలం దాకా ఎంత దారం వదలాలో మూరతో కొలిచి, విసిరి, దారాన్ని చూపుడువేలు మీదుగా వదులుగా పట్టుకుని కూర్చున్నాడు. మా చిన్నది పక్కనే. బెండు మునగ్గానే అది ఎగిరి గంతేస్తే, "ఉండవే, అది రుచి చూస్తోంది" అన్నాడు. బెండు తేలింది, మళ్ళీ కాస్త కదిలింది, ఆయన కదల్లేదు. మూడోసారి బెండు మునగలేదు, పక్కకి జరిగింది, అంతే, మణికట్టు ఒక్కటే కదిపాడు. మూరెడు వాల్ఐ! డెబ్భై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులని మెట్లెక్కనివాడు, డాక్ మీద గొంతుకూర్చుని చేపని రెండు చేతులా పట్టుకుని కేకేశాడు. నన్ను కాదు, "ఏమేవ్!" అని అమ్మని.

పక్క క్యాబిన్లో ఒక ముసలాయన, ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే వారం, ఇదే క్యాబిన్ అట. ఆ కేక విని వచ్చాడు. చేపలు కోసుకోవడానికి విడిగా ఒక గది ఉంటుంది ఇక్కడ, అక్కడికి తీసుకెళ్ళి పల్చటి కత్తితో రెండు పక్కలా ముల్లు లేకుండా కండ కోసేశాడు, అరనిమిషం పట్టలేదు. నాన్న మెచ్చుకుంటూనే ఉన్నాడు, ఆయన తలకాయ బుట్టలో పడేసేదాకా. "అయ్యయ్యో, తలకాయ పారేస్తున్నాడ్రా!" నాతో ఇంగ్లీషులో చెప్పించి ఆయన పట్టిన వాటి తలకాయలు కూడా కవర్లో అడిగి తెచ్చుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది గానీ, ఆ రాత్రి అమ్మ చింతపండు పులుసు పెట్టాక మారు మాట్లాడకుండా తిన్నాను. ముసలాయనకీ ఒక గిన్నె పంపితే బ్రెడ్డు ముంచుకుని తిన్నాడు, ముక్కు తుడుచుకుంటూ, గిన్నె ఖాళీ చేసే ఇచ్చాడు.

దోమల సంగతి మర్చిపోయా. మిన్నెసోటా రాష్ట్ర పక్షి దోమే అని ఇక్కడివాళ్ళ జోకు. అసలుది లూన్, నల్లటి తల, వీపు మీద తెల్ల గళ్ళు, ఎర్రటి కన్ను, పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని ఈదుతుంది, పగలు చూస్తే ముచ్చటేస్తుంది. రాత్రి అరుపు వినాలి! రెండో రాత్రి ఒంటిగంటకి అమ్మ నన్ను తట్టి లేపి, "ఎవరో ఆడమనిషి నీళ్ళలో పడి ఏడుస్తోందిరా, లే" అంది. నేను లుంగీతోనే టార్చి పట్టుకుని డాక్ దాకా పరిగెత్తాను కూడా. పక్షి అని చెబితే నమ్మలేదు, తెల్లారాక పెద్దాడు ఫోన్లో ఆ అరుపు వినిపిస్తే అప్పుడు నమ్మింది, ఆ ఫోన్ ఇంట్లో మోగించొద్దు, అశుభం అంది.

మూడో రోజు బోరు మోటారు కాలిపోయింది. ఓనరు రేపు పొద్దున్న వస్తానన్నవాడు ఎల్లుండి సాయంత్రం వచ్చాడు, పైసా తగ్గించలేదు, ఆ కోపం నాకింకా పోలేదు. మా ఆవిడ మొహం చిన్నబోయింది పాపం, బుక్ చేసింది తనే కదా. అమ్మ మాత్రం హడావుడి పడలేదు. ఊరి నుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబు తీసింది, నాన్న బక్కెట్లతో సరస్సు నీళ్ళు మోశాడు, తాగడానికి సీసాలు కొన్నాం, గడిచిపోయింది. "ఇన్ని నీళ్ళు ముందు పెట్టుకుని నీళ్ళు లేవని ఏడుస్తారేంట్రా" అంది అమ్మ.

అయిదో రోజు ఇటాస్కా వెళ్ళాం, అరగంట దారి. మిసిసిపీ పుట్టే చోటు. సరస్సులోంచి నీళ్ళు రాళ్ళ మీదుగా జారి చిన్న వాగులా బయల్దేరతాయి, మోకాలి లోతు కూడా లేదు, పిల్లలు అటూ ఇటూ దాటేస్తుంటారు. అక్కడ ఒక దుంగ పాతి రాశారు, సముద్రమట్టానికి 1475 అడుగుల ఎత్తు, ఇక్కణ్ణుంచి గల్ఫ్ ఆఫ్ మెక్సికోకి 2552 మైళ్ళు అని. నాన్న పెన్ను తీశాడు. లైసెన్సు వెనకాల లెక్క వేశాడు. "మైలుకి ఏడంగుళాలు కూడా వాలు లేదురా. ఎలా పోతోంది ఇంత దూరం?" ఇంకో తమాషా, ముందు ఉత్తరానికి పోయి తర్వాత దక్షిణానికి తిరుగుతుంది. ఆ రాళ్ళు కూడా దేవుడు పేర్చినవి కావు, 1930ల్లో బురదని చదును చేసి మనుషులే పేర్చారట, అది చెబితే "మరి, మన ధవళేశ్వరం దేవుడు కట్టాడా" అన్నాడు.

పేరు కథ ఇంకా బాగుంది. 1832లో స్కూల్‌క్రాఫ్ట్ అనే ఆయన లాటిన్లో నిజం, తల అనే రెండు మాటలు, వెరిటాస్ కాపుట్, పక్కపక్కన రాసి, ముందు మూడక్షరాలు, వెనక మూడక్షరాలు కొట్టేసి ఇటాస్కా అన్నాడు. ఆయన్ని అక్కడికి తీసుకొచ్చింది ఓజావిండిబ్ అనే ఓజిబ్వే తెగ మనిషి. వాళ్ళ భాషలో ఆ సరస్సుకి అప్పటికే పేరుంది. "దారి చూపించినవాడు పక్కనే ఉన్నాడుగా, పేరేంటని అడిగితే సరిపోయేది" అన్నాడు నాన్న.

తర్వాత ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, నా భుజం పట్టుకుని రాళ్ళ మీదుగా దాటాడు. మధ్యలో ఆగి, "అంతర్వేదిలో గోదారి సముద్రంలో కలవడం ఎన్నిసార్లు చూశానో, పుట్టే చోటు ఒక్కసారీ చూళ్ళేదు. త్రయంబకం పోదాం పోదాం అని మీ అమ్మ అంటూనే ఉంది" అన్నాడు. గట్టెక్కాక ఆ మాట ఎత్తలేదు. నువ్వోసారి నాసిక్ టికెట్ల సంగతి చూసి ఉంచు, వాళ్ళు అక్టోబర్లో వచ్చేస్తారు, నీతో అయితే నాన్న వస్తాడు.

శనివారం ఖాళీ చేసి వచ్చేశాం. ఆదివారం పొద్దున్న అమ్మ పెరుగు కోసం ఫ్రిజ్ తెరిచి అరిచిన అరుపుకి లూన్ కూడా సిగ్గుపడాలి. పెరుగు గిన్నె పక్కన మూత పెట్టిన డబ్బా, అందులో ఆరు జలగలు, శుభ్రంగా నీళ్ళు మార్చి మరీ ఉన్నాయి. నాన్న సోఫాలోంచి లేచొచ్చి, అమ్మ తిట్లు పూర్తయ్యేదాకా ఆగి, జేబులోంచి ఆ కాగితం తీసి నాకిచ్చాడు. "ఇది నిన్నటితో అయిపోయిందిరా. సంవత్సరానిది ఎంతవుతుందో కనుక్కో, మన ఇంటికి మైలున్నర దూరంలో ఒక చెరువుంది, నడిచి చూసొచ్చాను."

ఉంటానురా,
నీ వాడు